పీఆర్ పని మనకెందుకు అంటున్నవాళ్లకు: మా అప్రెంటిస్‌షిప్ నుంచి కొన్ని మాటలు



పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఈ ఏడాది ఆఖరి సెమిస్టర్లకు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పకుండా చదవాలి. అప్రెంటిస్‌షిప్ ఎక్కడ చేస్తారో త్వరలోనే మీరు కాలేజీలో రాసివ్వాలి కదా.

మేము నలుగురం, ఇరవై ఏళ్లవాళ్లం. విశాఖలో ఒకే హాస్టల్లో ఉంటాం. మా ఊళ్లు హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల మండలాల్లో ఉన్నాయి. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆరో సెమిస్టర్‌లో ఒక సంస్థలో పబ్లిక్ రిలేషన్స్, కమ్యూనికేషన్స్ విభాగంలో అప్రెంటిస్‌లుగా చేశాం. సంస్థ పేరు రాయడం లేదు. మేము చూసినవి ఒక్క ఆఫీసులోనే జరిగేవి కావు, పేరు రాస్తే గొడవంతా ఆ పేరు మీదికే పోతుంది.

గ్రూపులో ఈ మధ్య చాలామంది అడిగారు. "పీఆర్ అంటే పెద్దోళ్లకి ఫోటోలు తీయడమేనా?" "ఇంగ్లీష్ గడగడ వచ్చినవాళ్లకే కదా ఆ పని?" "డీఎస్సీకి చదువుకోక ఇదేంటి?" మా ఇంట్లోవాళ్లు కూడా అదే అన్నారు. అందుకే మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. మన పిల్లలు ఈ పనిలోకి పోవాలి, ఇంకా ఎక్కువమంది పోవాలి. కాకపోతే మన ముఖాన్నీ మన భాషనూ ఆఫీసుకి అరువిచ్చి ఉత్తచేతుల్తో తిరిగిరాకూడదు. పని నేర్చుకుని ఊరికి తెచ్చుకోవాలి.

ముందు డీఎస్సీ సంగతి. మన ముందు తరం అన్నలకు చదువంటే టీచర్ పోస్టు. 2000లో వచ్చిన జీవో 3 వల్ల షెడ్యూల్డ్ ప్రాంతాల స్కూళ్లలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే దక్కేవి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని కోసం మనం చేస్తున్న పోరాటం ఆగకూడదు, ధర్నాలకు మేమూ వచ్చాం. కానీ ఒక తలుపు సగం మూసుకున్నాక మిగతా తలుపులు తట్టకుండా కూర్చోలేం. డీఎస్సీ చదివేవాళ్లు చదవండి. డిగ్రీలో ఎలాగూ చేయాల్సిన అప్రెంటిస్‌షిప్‌ని మాత్రం సర్టిఫికెట్ కోసం ఎక్కడో సంతకం పెట్టించుకుని వదిలేయొద్దు.

అసలు అక్కడ పని ఏంటి? టీవీలో కనిపించేది ఏమీ లేదు. పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుని సంస్థ పేరు వచ్చిన ముక్కలు కత్తిరించి ఫైల్లో పెట్టాలి. మెయిన్ పేజీల్లో ఏముంటుంది, అసలు వార్తలన్నీ జిల్లా పేజీల్లోనే. విలేకరుల పేర్లు, నంబర్ల జాబితా ఉంటుంది, ఎవరు ఏ మండలం చూస్తారో రాసుకోవాలి. ఏదైనా కార్యక్రమం జరిగితే ఒక పేజీ ప్రెస్ నోట్ రాయాలి. ఎవరు, ఏం చేశారు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందికి అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. జాగా లేకపోతే పేపర్‌వాళ్లు కింద నుంచి కోసేస్తారు, కాబట్టి అసలు విషయం పైనే ఉండాలి. ఫోటోకి క్యాప్షన్ రాయాలి. సాయంత్రం పేజీలు కట్టే వేళకు ముందే అన్నీ పంపాలి, ఆలస్యమైతే మర్నాటికి అది పాత వార్త.

ఇంకో పని కూడా ఉంది. ఏ పేపర్లో ఎంత వచ్చిందో స్కేలు పెట్టి కొలిచి కాలమ్ సెంటీమీటర్లలో రాయాలి. దాన్ని పేపర్ ప్రకటన రేటుతో గుణించి "ఇన్ని లక్షల విలువైన ప్రచారం ఊరికే వచ్చింది" అని పైవాళ్లకు చూపిస్తారు. ఈ లెక్క పనికిరాదని 2010లో బార్సిలోనాలో ఆ రంగంవాళ్లే తీర్మానించుకున్నారు. అయినా మేము మాత్రం నెలనెలా స్కేలు పట్టుకునే ఉన్నాం.

ఇందులో మన పిల్లలకు రానిది ఏముంది చెప్పండి? ఊరి అర్జీ రాసిపెట్టేది మనమే. ఆఫీసులో సారు చెప్పింది అవ్వకి అర్థమయ్యేలా చెప్పేది మనమే. సంతలో ఎవరి మాటకి జనం ఆగుతారో, ఎవరి మాటకి ఆగరో మనకి తెలుసు. ఇంగ్లీష్ కావాలి, అది నిజం. కానీ జిల్లా పేజీలో వచ్చే వార్త తెలుగులోనే ఉంటుంది. తప్పుల్లేని తెలుగులో ఒక పేజీ రాయగలిగిన మనిషికి అక్కడ విలువ ఉంది. ఇంగ్లీష్ మీడియం నుంచి వచ్చినవాళ్లు ఆ పేజీ కోసం మా దగ్గరికే వచ్చేవాళ్లు.

ఇప్పుడు బాధ పెట్టిన విషయాలు.

ఆఫీసు కంప్యూటర్లో మన ప్రాంతం ఫోటోల ఫోల్డర్ ఒకటి ఉంది. వందల ఫోటోలు. అన్నీ చూశాక అర్థమైంది, వాళ్ల దగ్గర మనం రెండే రకాలు. ఒకటి ధింసా ఆడే ఆడవాళ్ల వరస. రెండోది డోలీ. పండగైతే ధింసా, కష్టమైతే డోలీ. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మన అమ్మాయి లేదు. పీహెచ్‌సీలో సూది వేస్తున్న మన నర్సక్క లేదు. గ్రామసభలో లేచి మాట్లాడుతున్న మనిషి లేడు. మిరియాలు తూకం దగ్గర బేరమాడుతున్న మన అమ్మలు లేరు.

డోలీ వార్త రాకూడదని మేము అనడం లేదు. అది రాకపోతే రోడ్డు కూడా రాదు. కానీ ఆ ఫోటోలో నొప్పులు పడుతున్న ఆడమనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. రోడ్డు ఎప్పుడు మంజూరైంది, పని ఎక్కడ ఆగింది, ఎవరి బాధ్యత అన్నది మాత్రం కనిపించదు. ముఖం దాచి రోడ్డు లెక్క చూపించాల్సిన చోట తలకిందులుగా జరుగుతోంది.

ఇక క్యాప్షన్లు. "ఎడమ నుంచి డైరెక్టర్ గారు, ప్రాజెక్టు మేనేజర్ గారు, గిరిజన మహిళ." సార్లకు పేరుంది, ఇంటిపేరుంది, హోదా ఉంది. పక్కన నిలబడ్డ మన అమ్మకి పేరు లేదు. ఇంకొన్నింట్లో "లబ్ధిదారు" అని ఉంటుంది. ఆమె పొలం, ఆమె చెట్లు, ఆమె కష్టం. ఆమె పేరు మాత్రం లబ్ధిదారు! మేము చేరిన రెండో వారం నుంచి ఫోటో తీసే ముందు మూడు అడగడం మొదలుపెట్టాం. పేరు ఏమిటి, పేరు వేయొచ్చా, ఫోటో ఎక్కడెక్కడ వాడతారో మీకు చెప్పారా? ఇద్దరు ముగ్గురు ఫోటో వద్దన్నారు. ఆ మాట విని మాతో వచ్చిన కెమెరా అన్న ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లలో తనతో ఎవరూ వద్దనలేదట. అడిగితే కదా వద్దనడానికి!

భాష సంగతి కూడా అంతే. దేశంలో సికిల్ సెల్ వ్యాధిని తగ్గించే మిషన్ 2023 జూలైలో మొదలైంది, దాని మీద మన ప్రాంతంలోనూ ప్రచారం జరుగుతోంది. మేమున్న చోట ఆ పోస్టర్‌ని కువిలోకి, ఆదివాసీ ఒడియాలోకి మార్చమని మాకు ఇచ్చారు. "మీకు వచ్చిన భాషే కదా, పది లైన్లు, సాయంత్రానికి ఇచ్చేయండి" అన్నారు. అదే పోస్టర్‌ని ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి మార్చిన ఆయనకు పేజీకి ఇంత అని డబ్బు కట్టారు. ఇంగ్లీష్ నుంచి తెలుగు అయితే నైపుణ్యం, తెలుగు నుంచి కువి అయితే పుట్టుకతో వచ్చిందా? అడిగాం. బిల్లు పెట్టమన్నారు, కొన్నాళ్లకు డబ్బు వచ్చింది. తక్కువే, కానీ వచ్చింది. అడగకపోతే రూపాయి రాదు.

ఆ పనిలో ఒకటి నేర్చుకున్నాం కూడా. మన భాషను తెలుగు అక్షరాల్లో పోస్టర్ మీద రాస్తే చదివేవాళ్లు తక్కువ. పెద్దవాళ్లకు చదువు రాదు, చదువు వచ్చిన పిల్లలు తెలుగే చదువుతారు. అందుకని రెండు నిమిషాల వాయిస్ రికార్డు చేసి సంత రోజు స్పీకర్లో వేయించమన్నాం. మొదట నవ్వారు. వేశాక జనం ఆగి విన్నారు, ఒక ముసలాయన మళ్లీ వేయమన్నాడు. ఇలాంటివి పట్నంలో కూర్చున్న ఏజెన్సీలకు తట్టవు. మనకి తడతాయి, మనం ఆ సంతల్లో పెరిగాం కాబట్టి.

అన్నిటికన్నా పెద్ద విషయం నీళ్ల కథ. సంస్థ వార్షిక నివేదిక కోసం "విజయగాథ" ఒకటి రాసుకు రమ్మని మాలో ఇద్దరిని ఒక ఊరికి పంపారు. కొండ మీది ఊట నుంచి పైపు వేసి ఊళ్లోకి నీళ్లు తెచ్చిన గ్రావిటీ పథకం అది. వెళ్లేసరికి కుళాయి ఎండిపోయి ఉంది. వానలకు రాయి దొర్లి పైపు విరిగిందట, నాలుగు నెలలుగా ఆడవాళ్లు మళ్లీ గెడ్డకే నడుస్తున్నారు. మేము రెండూ రాశాం. పథకం వచ్చిన ఏడాది ఊరికి ఎంత మేలు జరిగిందో, ఇప్పుడెందుకు ఆగిందో. ఆఫీసులో రెండో సగం తీసేశారు. "మన పని మంచి చెప్పడం. సమస్యలు రాయడానికి విలేకరులున్నారు" అన్నారు. ఊళ్లో ఇప్పుడు నీళ్లు రావడం లేదని మెయిల్‌లో రాసి పంపాం, జవాబు రాలేదు. నివేదిక అచ్చయింది. ప్రారంభం రోజు ఫోటో, కింద "నేడు ప్రతి ఇంటికీ నీరు".

ఆ ఊరివాళ్లు మా చుట్టాలేం కారు. అయినా సెలవు రోజున నలుగురం వెళ్లి పెద్దలతో, ఆడవాళ్లతో కూర్చున్నాం. ఆఫీసులో నేర్పిన ప్రెస్ నోట్ పద్ధతిలోనే ఊరి అర్జీ రాశాం. మొదటి రెండు వాక్యాల్లో అసలు విషయం: ఏ ఊరు, ఎన్ని ఇళ్లు, ఎప్పటి నుంచి నీళ్లు లేవు, పైపు ఎక్కడ విరిగింది, ఎన్ని మీటర్లు కావాలి. కింద ఊరివాళ్ల సంతకాలు, వేలిముద్రలు. విరిగిన పైపు ఫోటో. ఆఫీసు కాగితం ఒక్కటీ బయటికి తేలేదు, ఊరు చెప్పింది ఊరి పేరుతోనే రాశాం. వాళ్లే పాడేరు వెళ్లి గ్రీవెన్స్‌లో ఇచ్చారు, విలేకరికి ఒక కాపీ ఇచ్చారు. జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది, అందులో మాట్లాడిన ఆమె పేరు కూడా వచ్చింది. స్కేలు పెట్టి కొలిస్తే ఆరేడు సెంటీమీటర్లు ఉంటుందేమో. ఇది రాసే నాటికి పైపులు ఊరికి చేరాయి, ఇంకా బిగించలేదు. బిగించేదాకా మళ్లీ రాస్తూనే ఉంటామని వాళ్లే చెప్పారు.

మేము చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. నివేదికలో అబద్ధాన్ని నిలబెట్టిందీ ఆ పనే, ఊరి అర్జీకి బలం ఇచ్చిందీ ఆ పనే. గొడ్డలి ఒకటే, పట్టుకున్న చెయ్యి వేరు.

"పీఆర్ అంటేనే అబద్ధం, మనం పోతే మనమూ అలాగే అవుతాం" అని ఒక అన్న గ్రూపులో రాశారు. ఆ భయం ఉత్తది కాదు. ఈ వృత్తి పుట్టుకలోనే రెండూ ఉన్నాయి. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు ఐవీ లీ అనే ఆయన దాచకుండా వివరాలు రాసి రైల్వే తరఫున పత్రికలకు ఇచ్చాడు. మొదటి ప్రెస్ నోట్ అదేనని చాలామంది చెబుతారు. 1914లో కొలరాడోలోని లడ్లోలో సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగి ఆడవాళ్లు, పిల్లలు కూడా చనిపోయారు. అప్పుడు గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున కరపత్రాలు రాసింది కూడా అదే ఐవీ లీ.

మన పక్కనే ఒడిశాలో నియమగిరి ఉంది. అక్కడి డోంగ్రియా కోంధులు మాట్లాడేది మన కోంధు చుట్టాలు మాట్లాడే కువి భాషే. బాక్సైట్ తవ్వాలన్న కంపెనీ దగ్గర డబ్బుంది, ప్రకటనలున్నాయి, ప్రచారం చేసేవాళ్లున్నారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు పెట్టారు. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా ఉన్నారు. ఒక్కొక్కరూ లేచి తమ కొండ గురించి తమ భాషలో చెప్పారు, 12 సభలూ తవ్వకం వద్దన్నాయి. వాళ్ల మాట గెలవడానికి ఒక కారణం, అది రాతలోకి ఎక్కింది, వాళ్ల పేరుతో ఎక్కింది. మాట ఎంత నిజమైనా కాగితం మీదికి రాకపోతే ఆఫీసుల్లో దానికి కుర్చీ వేయరు. మనకి 1/70 ఉంది, పెసా ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది. వాటిని ఊళ్లో అర్థమయ్యేలా చెప్పే మనిషి, ఊరు చెప్పింది బయటికి అర్థమయ్యేలా రాసే మనిషి మన దగ్గర తక్కువ.

డబ్బు కోణం కూడా చూడండి. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, అంతకుముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. కాఫీ మన కొండల మీద ఎప్పటి నుంచో ఉంది. పేరు రావడంతో దానికి వేరే విలువ వచ్చింది. మరి మన పసుపు, మన మిరియాలు, మన రాజ్మా, మన చోళ్లు ఇంకా పేరు లేకుండానే సంతలో షావుకారు సంచిలోకి పోతున్నాయి. పేరు పెట్టడం, కథ చెప్పడం, ప్యాకెట్ మీద పండించిన ఊరి పేరు వేయడం, ఇదంతా కమ్యూనికేషన్ పనే. ఆ పని మనం చేయకపోతే వేరేవాళ్లు చేస్తారు, అందులో మిగిలేదీ వాళ్లకే మిగులుతుంది.

ఇక చేరేవాళ్లకు మా సలహాలు. ఇవి మాత్రం సేవ్ చేసి పెట్టుకోండి.

1. ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్ ఒకటి కావు. అప్రెంటిస్‌షిప్‌కి 1961 నాటి చట్టం ఉంది, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, స్టైపెండ్ ఇచ్చి తీరాలి. ఆఫీసువాళ్లు నోటితో అప్రెంటిస్ అని పిలిస్తే సరిపోదు. నాట్స్ పోర్టల్‌లో ఒప్పందం నమోదైందో లేదో చూసుకోండి.

2. 2019లో మార్చిన నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కి నెలకు కనీసం 9,000 రూపాయలని పెట్టారు. నాట్స్ కింద అయితే ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. చేరే ముందు పోర్టల్‌లో తాజా అంకె ఒకసారి చూడండి. "ప్రయాణ ఖర్చులు ఇస్తాంలే" అంటే అది స్టైపెండ్ కాదు.

3. నిర్దేశిత ట్రేడ్‌లలో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలని ఆ చట్టంలోని 3ఎ సెక్షన్ చెబుతుంది. తెలుసుకుని అడగండి. శిక్షణ అయ్యాక ఉద్యోగం తప్పకుండా ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు, ఆ ఆశతో అప్పులు చేయొద్దు.

4. మొదటి వారంలోనే ఏ పనులు నేర్పుతారో రాయించుకోండి. ప్రెస్ నోట్, క్యాప్షన్, వీడియో ఎడిటింగ్, విలేకరులతో మాట్లాడటం. కార్యక్రమాల్లో సంప్రదాయ చీర కట్టుకుని బొకే ఇవ్వడానికే పిలుస్తుంటే, అది శిక్షణలో భాగం కాదని మర్యాదగా చెప్పండి. మా చెల్లెళ్లకు ఇది మరీ ముఖ్యం.

5. మీరు రాసిన ప్రతిదాని కాపీ తేదీ వేసి పెట్టుకోండి, బయటికి వచ్చిన వాటివే సుమా. రేపు ఎక్కడికి వెళ్లినా అదే మీ అసలు సర్టిఫికెట్.

6. మన భాషలో చేసిన పనికి డబ్బు అడగండి. సిగ్గుపడొద్దు.

తర్వాత దారి ఉందా అంటారా? సమాచార పౌర సంబంధాల శాఖలో డీపీఆర్ఓ, ఏపీఆర్ఓ పోస్టులు ఉన్నాయి. ఆసుపత్రులు, యూనివర్సిటీలు, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు అన్నిటికీ ఈ పనివాళ్లు కావాలి. మనకి కావాల్సిన చోట మనమే లేకపోతే మన జిల్లా గురించి రాసేది కూడా మన సంతలు చూడని మనిషే అవుతాడు. అందరికీ ఉద్యోగం వస్తుందని మేము మాటివ్వలేం. మా నలుగురిలో ఒకరికి అక్కడే కొనసాగమని అడిగారు, ఒకరు డీఎస్సీకే చదువుతున్నారు, ఇద్దరం పీజీ జర్నలిజం ప్రవేశ పరీక్షకు తయారవుతున్నాం. నలుగురికీ ఒక పేజీలో విషయం చెప్పడం వచ్చింది. అది ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

చివరిగా గ్రూపు పెద్దలకు ఒక మనవి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ప్రతి మండలంలో ర్యాలీలు, ధింసా, సభలు పెడతాం. ఫోటోలు మన గ్రూపులోనే వందలు వస్తాయి. ఈసారి ఒక్కటి మార్చుకుందాం. మండలానికి ఇద్దరు పిల్లల్ని ఈ పనికి పెట్టండి, ప్రెస్ నోట్ ఎలా రాయాలో ఒక ఆదివారం వచ్చి మేము నేర్పుతాం. సభలో ఊళ్లవాళ్లు చెప్పిన సమస్యలు ఒక పేజీలో రాసి ఐటీడీఏకి, పేపర్లకి అదే రోజు ఇద్దాం. మనం పెట్టే ఫోటోల కింద కూడా నాయకుల పేర్లతో సరిపెట్టకుండా, ముందు వరసలో ఆడుతున్న అమ్మల పేర్లు అడిగి రాద్దాం. మన గ్రూపులోనే వాళ్ల పేరు లేకపోతే, పట్నం ఆఫీసువాళ్లని మనం ఏమని అడుగుతాం?

ఏ మండలం నుంచి ఎవరు వస్తారో కామెంట్లో పేరు పెట్టండి. అభ్యంతరాలు ఉన్నా రాయండి, చర్చిద్దాం.

జై ఆదివాసీ!